డెక్కు అద్దెకు ఇవ్వబడును

వీసీఆర్ అన్న మాటలో చివరి అక్షరం మనకి పెద్దగా పనికిరాలేదు. 'ఆర్' అంటే రికార్డర్. అసలు ఆ పెట్టెని కనిపెట్టిందే రికార్డు చేసుకోవడానికి. అమెరికాలో ఆ ఒక్క అక్షరం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఏడేళ్ళు కొట్టుకున్నారు. మనవాళ్ళు మాత్రం దాన్ని ఇంటికి తెచ్చుకుని, అందులో ఉన్న ఎర్ర బటన్ని నొక్కాల్సిన అవసరమే లేకుండా ఇరవయ్యేళ్ళు హాయిగా సినిమాలు చూసేశారు.

మా తిరుమలగిరిలో అయితే దాన్ని వీసీఆర్ అనేవాళ్ళు కూడా తక్కువే. 'డెక్కు' అనేవాళ్ళం. "ఈ శనివారం డెక్కు తెస్తున్నారంట" అంటే వీధి మొత్తానికి అర్థమైపోయేది.

ఇప్పుడు ఈ పాత సామాను గోల ఎందుకయ్యా అంటారా? మీ ఇంట్లో అటక మీద ఎక్కడో పెళ్ళి క్యాసెట్టు ఒకటి ఉండే ఉంటుంది. మీది కాకపోతే మీ అక్కదో, బాబాయిదో. దాని సంగతి చివర్లో చెప్తాను. ముందు కొంచెం చరిత్ర.

వీడియో టేపు మొదట్నుంచీ టైముతో ముడిపడిన వ్యవహారం. 1956 ఏప్రిల్లో షికాగోలో ఆంపెక్స్ అనే కంపెనీ మొట్టమొదటి పనికొచ్చే వీడియో టేపు యంత్రాన్ని చూపించింది. చార్లెస్ గిన్స్‌బర్గ్ దాని పెద్ద. ఆ టీములో రే డాల్బీ అని ఒక కుర్రాడు కూడా ఉన్నాడు. అవును, మీ ఫోను మీదా సినిమా హాలు గోడ మీదా కనిపించే ఆ డాల్బీయే. రెండంగుళాల వెడల్పు టేపు, బీరువాలంత యంత్రం, ధర 50,000 డాలర్లు. అదే ఏడాది నవంబరు 30న సీబీఎస్ వాళ్ళు దాన్ని మొదటిసారి ప్రసారానికి వాడారు. ఎందుకో తెలుసా? న్యూయార్కులో సాయంత్రం చదివిన వార్తల్ని పడమటి తీరంలో మూడు గంటలు ఆలస్యంగా వెయ్యడానికి. అంటే పుట్టుకతోనే దాని పని టైముని జరపడం. మనకేమో శ్రీకాకుళం నుంచి గుజరాత్ దాకా ఒకటే గడియారం!

అదే పనిని ఇంటిదాకా తెచ్చింది సోనీ. 1975లో బీటామ్యాక్స్ వచ్చింది. సోనీ పెద్దాయన అకియో మొరీటా దీనికి పెట్టిన పేరు 'టైమ్ షిఫ్ట్'. రాత్రి ఎనిమిదింటికి వచ్చే ప్రోగ్రాముని రికార్డు చేసుకుని ఆదివారం మధ్యాహ్నం చూసుకోవచ్చు. కొలంబో చూస్తున్నారు కాబట్టి కోజాక్ వదులుకోనక్కర్లేదు అన్న అర్థంలో ప్రకటన వేశారు. ఆ రెండు సీరియల్సూ యూనివర్సల్ వాళ్ళవే. వాళ్ళకి ఒళ్ళు మండి, డిస్నీని తోడు తీసుకుని 1976లో కేసు వేశారు. అది సాగి సాగి 1984 జనవరి 17న తేలింది. ఇంట్లో చూసుకోవడానికి టీవీ ప్రోగ్రాము రికార్డు చేసుకుంటే తప్పు కాదు, అక్రమం కాని పనులకి బాగా పనికొచ్చే యంత్రాన్ని అమ్మినంత మాత్రాన కంపెనీ దోషి కాదు అని తీర్పు. ఐదుగురు అటు, నలుగురు ఇటు. ఒక్క జడ్జి అటు తిరిగుంటే ఐపాడ్ నుంచి క్లౌడ్ స్టోరేజీ దాకా మన ఉద్యోగాల్లో సగం ఎలా ఉండేవో ఊహించుకోండి :)

సరే, అదే రోజుల్లో మా తిరుమలగిరిలో ఏం రికార్డు చెయ్యాలి? ఉన్నది ఒకటే ఛానలు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైందే 1977లో. 1982 ఆగస్టు 15 నుంచి ఢిల్లీ జాతీయ కార్యక్రమం, అదే ఏడాది ఏషియాడ్ పుణ్యమా అని రంగులు. సాయంత్రం కాసేపు, వ్యవసాయం, వార్తలు, శుక్రవారం చిత్రలహరి, వారానికో తెలుగు సినిమా. కొలంబో చూస్తూ కోజాక్ మిస్సయ్యే బాధే లేదు. ఉన్న ఒక్క సినిమానీ వీధంతా కలిసి చూసేసేది. 1987లో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున్నే ఎర్ర బటన్ నొక్కినవాళ్ళు కొందరున్నారు, కాదనను. కానీ మిగతా రోజుల్లో మనకి కావలసింది ప్రోగ్రాముని దాచుకునే పెట్టె కాదు, అసలు ప్రోగ్రామే. అందుకే మన దగ్గర రికార్డింగ్ లేని వీసీపీ కూడా అంతే గౌరవంగా చెల్లిపోయింది. మనకి అది గూట్లో పట్టే సినిమా హాలు.

మా ఏరియాకి అది ఎందుకంత తొందరగా వచ్చిందో చెప్పాలి. తిరుమలగిరి అంటే కంటోన్మెంటు. తెల్లవాడు 'ట్రిముల్‌గెర్రీ' అని నోరు తిరగక రాసుకున్న ఊరు. ఇ.ఎం.ఇ. వాళ్ళ కాలేజీ, బారకాసులు, లాల్‌బజారు, ఇంకాస్త ముందుకెళ్తే అల్వాల్, బొల్లారం. తమిళులు, మలయాళీలు, పంజాబీలు, ఆంగ్లో ఇండియన్లు, మనవాళ్ళు అందరూ కలిసి ఉండేవాళ్ళు. థియేటరుకి వెళ్ళాలంటే బస్సెక్కి సికింద్రాబాదు పోవాలి. ఇంగ్లీషు సినిమా అయితే సంగీత్. పైగా సంగీత్‌లో మలయాళం సినిమా ఎవడు వేస్తాడు? ఆ లోటు వీడియో షాపువాడు తీర్చాడు. ఒక్క మడిగె, మూడు గోడలకీ చెక్క అరలు, అందులో ఐదు భాషల క్యాసెట్లు. దేశసమైక్యత గురించి దూరదర్శన్ వాడు ఎన్ని పాటలు వేసినా ఆ అరలంత చక్కగా నాకెక్కడా కనబడలేదు.

మిషన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, ఎక్కువ గల్ఫు నుంచే. కరీంనగర్, నిజామాబాద్ నుంచి, ఇటు పాతబస్తీ నుంచి దుబాయ్, సౌదీ పోయినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు తెచ్చేవి మూడు: బంగారం, టూ-ఇన్-వన్, వీసీఆర్. నేషనల్ ప్యానాసోనిక్, అకాయ్, ఫునాయ్. ఈ ఫునాయ్ అనే పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. కస్టమ్స్ వాళ్ళతో బేరాలు, అబిడ్స్ జగదీష్ మార్కెట్లో చేతులు మారడాలు వేరే కథ.

సొంతంగా కొనుక్కునే స్తోమత ఎవరికుంది? అందుకే అద్దె. 'ఇచ్చట కలర్ టీవీ, డెక్కు అద్దెకు ఇవ్వబడును' అని బోర్డు. ఒక రాత్రికి టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు ప్యాకేజీ. నలుగురైదుగురు ఇళ్ళవాళ్ళు చందాలేసుకుంటే తేలిగ్గా అయిపోయేది. రిక్షాలో దుప్పటి కప్పి, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చేవాళ్ళు. షాపు కుర్రాడు కూడా వెంట వచ్చి వైర్లు తగిలించాలి. టీవీ వెనకాల యాంటెన్నా సాకెట్లో డెక్కు వైరు గుచ్చి, టీవీ నాబు తిప్పుతూ, తిప్పుతూ... చీమల యుద్ధం మధ్యలోంచి సెన్సారు సర్టిఫికెట్టు తేలేదాకా ఎవరూ ఊపిరి పీల్చేవాళ్ళు కాదు.

షాపు దగ్గర సంభాషణ ఎప్పుడూ ఒకటే.

"అన్నా, ప్రింటు ఎట్లుంది?"

"మస్తుంది తమ్మీ, ఒరిజినల్. నిన్ననే వచ్చింది."

"నిన్న పోయినసారి గిట్లనే అన్నవ్, అండ్ల మనిషి నెత్తి అడ్డమొచ్చింది."

"అది కెమెరా ప్రింటు తమ్మీ. గిది వేరే."

శివరాత్రికి డెక్కు దొరకడం బంగారం దొరికినట్టే. పది రోజుల ముందే చెప్పి పెట్టుకోవాలి. జాగారానికి మూడు సినిమాలు సరిగ్గా సరిపోతాయి: మొదట ఒక భక్తి సినిమా (దేవుడికి లెక్క చెప్పాలి కదా), రెండోది చిరంజీవి, మూడోదాని టైముకి పెద్దవాళ్ళు నిద్రపోతారు కాబట్టి పిల్లల ఇష్టం. వినాయక చవితి మండపాల్లోనూ అంతే. ఏ థియేటరు యజమానీ కలలో కూడా అనుకోని షో టైమింగులు.

ఇంజనీరుని కదా, పెట్టె లోపల ఏముందో చెప్పకుండా ఉండలేను. ఆడియో క్యాసెట్టులో హెడ్డు కదలదు, టేపు దాని ముందు నుంచి పోతుంది. బొమ్మకి పాటకన్నా కొన్ని వందల రెట్లు ఎక్కువ సమాచారం కావాలి కాబట్టి టేపు అంత వేగంగానూ పరిగెత్తాలి. వీహెచ్ఎస్‌లో హెడ్డుకీ టేపుకీ మధ్య వేగం సెకనుకి దాదాపు 4.87 మీటర్లు. ఆడియో పద్ధతిలో మూడు గంటల సినిమా ఎక్కించాలంటే లెక్కెయ్యండి: 52 కిలోమీటర్ల టేపు! తిరుమలగిరిలో ఒక కొస పట్టుకుంటే రెండో కొస భువనగిరి దరిదాపుల్లో ఉంటుంది. మరి మూడు గంటల క్యాసెట్టులో నిజంగా ఉండేది పావు కిలోమీటరు చిల్లర. ఎలా?

టేపుని నిదానంగా, సెకనుకి 2.34 సెంటీమీటర్లే పోనిచ్చి, హెడ్డునే గిరగిరా తిప్పారు. 62 మిల్లీమీటర్ల డ్రమ్ము, దాని అంచున ఎదురెదురుగా రెండు బుల్లి హెడ్లు, నిమిషానికి 1500 చుట్లు. ఆ డ్రమ్ముని కాస్త వంచి పెట్టారు. అందుకని ఒక్కో హెడ్డు టేపు మీద ఏటవాలుగా ఒక గీత గీస్తుంది. ఒక గీత అంటే బొమ్మలో సగం, సరి గీతలో బేసి గీతలో. రెండు హెడ్లూ ఒక చుట్టు తిరిగితే ఒక ఫ్రేము. సెకనుకి 25 చుట్లు, 25 ఫ్రేములు. ఒక్కో గీత వెడల్పు 49 మైక్రాన్లు, వెంట్రుక కంటే సన్నం. పక్క గీతలోని సమాచారం కలిసిపోకుండా రెండు హెడ్లనీ చెరో పక్కకి ఆరు డిగ్రీలు తిప్పి బిగించారు. అంటే వీడి గీతని వాడు చదవలేడు. నిజంగా చేతులెత్తి మొక్కాలి. ఈ మొత్తాన్ని గల్ఫు నుంచి సూట్‌కేసులో చుట్టి తెచ్చి, రిక్షాలో కుదుపుతూ, ఓల్టేజి 170కీ 260కీ మధ్య ఊగే ఇంట్లో పెడితే పనిచేసేది!

'ట్రాకింగ్' నాబు గుర్తుందా? బొమ్మ అడుగున మంచు గీతలు వస్తే తిప్పేవాళ్ళం. వేరే మిషను మీద గీసిన గీత మన మిషను హెడ్డుకి సరిగ్గా కిందకి వచ్చేలా సర్దడమే అది. అయినా పోకపోతే హెడ్డు మురికి పట్టిందని అర్థం. అప్పుడు పైమూత విప్పి తుడవాలి. స్పిరిట్ ముంచిన గుడ్డతో తుడిచేవాళ్ళు కొందరు, పెళపెళలాడే కొత్త రూపాయి నోటే మంచిదని వాదించేవాళ్ళు కొందరు. మా దగ్గర ఇ.ఎం.ఇ.లో రిటైరయి రిపేరు కొట్టు పెట్టుకున్న ఒక పెద్దాయన ఉండేవారు. నోటుతో తుడిచానని చెబితే, "ఆ నోటు నాకిచ్చేస్తే నేనే తుడిచేవాణ్ణి కదా బాబూ, ఇప్పుడు నోటు కట్టలు కావాలి" అనేవారు.

ఫార్మాట్ల యుద్ధం గురించి మీరు ఏదో ఒక మేనేజ్‌మెంటు క్లాసులో వినే ఉంటారు. బీటామ్యాక్స్ బొమ్మ మంచిది, వీహెచ్ఎస్ మార్కెటింగు మంచిది, అందుకే గెలిచింది అని. అది సగం కథ. 1975 బీటా క్యాసెట్టు ఒక గంటే. టీవీ ప్రోగ్రాము రికార్డు చేసుకోవడానికి గంట చాలనుకున్నారు. 1976లో జేవీసీ తెచ్చిన వీహెచ్ఎస్ రెండు గంటలు. హాలీవుడ్ సినిమా ఒక్క క్యాసెట్టులో పడుతుంది. అక్కడే సగం యుద్ధం అయిపోయింది. 1988లో సోనీయే వీహెచ్ఎస్ మిషన్లు చెయ్యడం మొదలుపెట్టింది.

కానీ రెండు గంటలు మన సినిమాకి ఏ మూలకి? ఇంటర్వెల్ అవ్వగానే కొంచెం సేపటికి టేపు అయిపోతుంది. మనల్ని కాపాడింది పాల్ పద్ధతి. అమెరికా ఎన్.టి.ఎస్.సి.లో టేపు వేగంగా పోతుంది, పాల్‌లో నెమ్మదిగా. అందుకని మన ఈ-180 క్యాసెట్టు మూడు గంటలు ఆడుతుంది. ఇందులో ఇంకో చిన్న గమ్మత్తుంది. సినిమా రీలు సెకనుకి 24 ఫ్రేములు, పాల్ టీవీ 25. టేపుకి ఎక్కించేటప్పుడు రీలుని 25 చొప్పునే తిప్పేసేవాళ్ళు, ఆ తేడా ఎవరు చూడొచ్చారని. అలా చేస్తే మూడు గంటల ఐదు నిమిషాల సినిమా 178 నిమిషాలకే అయిపోతుంది. క్యాసెట్టులో బొటాబొటిగా పట్టేస్తుంది! కాకపోతే శబ్దం కూడా నాలుగు శాతం వేగంగా పోతుంది కదా, శ్రుతి ముప్పావు స్వరస్థానం దాకా పెరుగుతుంది. డెక్కులో విన్న ఘంటసాల థియేటరులో విన్న ఘంటసాల కంటే కాస్త పైన పాడతాడన్నమాట. పాట వెంట హార్మోనియం వాయిద్దామని కూర్చున్నవాళ్ళకి ఏ మెట్టు మీదా శ్రుతి కలవకపోతే తప్పు వాళ్ళది కాదు. (దానవీరశూరకర్ణకి మాత్రం ఏ గమ్మత్తూ పనిచెయ్యలేదు. మా షాపులో అది రెండు క్యాసెట్లు. రెండోది ఎప్పుడూ ఎవరో తీసుకెళ్ళి ఉండేవారు.)

ఇదే తేడా మనవాళ్ళని అమెరికాలో ఏడిపించింది. ఎనభైల్లో అక్కడికి వెళ్ళిన మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఇండియా నుంచి ప్రాణంలా మోసుకెళ్ళిన పెళ్ళి క్యాసెట్టు అక్కడి వీసీఆర్లో పెడితే బొమ్మ పడదు. ఇది 625 గీతల పాల్, అది 525 గీతల ఎన్.టి.ఎస్.సి. క్యాసెట్టు డబ్బా ఒక్కటే, లోపల భాష వేరు. మల్టీసిస్టమ్ డెక్కు ఉన్నవాళ్ళ ఇల్లు ఊరందరికీ తెలిసేది. ఇండియన్ కిరాణా కొట్లో పప్పులూ ఆవకాయా పక్కనే అద్దెకిచ్చే తెలుగు క్యాసెట్లయితే మార్చినవే. కానీ అక్కడి మామూలు టీ-120 క్యాసెట్టు రెండు గంటలే కాబట్టి, మన సినిమా పట్టించడానికి టేపుని ఇంకా నెమ్మదిగా నడిపే స్పీడులో ఎక్కించేవాళ్ళు. కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ, పైన ఈ స్పీడు. ఎర్ర చీర అంచు దాటి పక్కనున్న గోడ మీదికి కారిపోయేది. అయినా శుక్రవారం సాయంత్రం ఆ కొట్టు ముందు కార్లు నిలబడేవని అప్పటివాళ్ళు ఎవరినడిగినా చెప్తారు.

కాపీ అంటే గుర్తొచ్చింది. మనకి ఇప్పుడు కాపీ అంటే కంట్రోల్ సి, కంట్రోల్ వి. వెయ్యోదీ మొదటిదీ ఒకటే. అనలాగ్‌లో అలా కాదు, ప్రతి తరానికీ కొంత రక్తం పోతుంది. మూడో తరం క్యాసెట్టులో హీరో ఎవరో గొంతుని బట్టి పోల్చుకోవాలి. ఒక రకంగా పైరసీకి అదే సహజమైన హద్దు. కానీ నిర్మాతలు ఆ ఓదార్పుతో ఊరుకోలేదు. ఊరుకోకూడదు కూడా, సినిమా విడుదలైన వారానికి క్యాసెట్టు బయటికొస్తుంటే.

అమెరికా కోర్టు వీసీఆర్‌కి అభయం ఇచ్చిన 1984లోనే మన పార్లమెంటు కాపీరైటు చట్టాన్ని సవరించి వీడియో పైరసీకి పళ్ళు బిగించింది. కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ళు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. క్యాసెట్టు మీద తయారుచేసినవాడి పేరు, చిరునామా, సెన్సారు సర్టిఫికెట్టు ఉండాలి. మన రాష్ట్రంలో అంతకుముందే, 1983లోనే, వీసీఆర్ పెట్టి టీవీ తెర మీద జనానికి సినిమా వెయ్యడానికి నిబంధనలు వచ్చాయి. అప్పటికే వీడియో పార్లర్లు పుట్టేశాయి (వాటిలో ఆఖరి ఆట ఏం వేసేవారో నన్నడక్కండి), హైవేల మీద వీడియో కోచ్‌లు తిరుగుతున్నాయి. "టీవీ పెట్టె సినిమా యంత్రం ఎలా అవుతుంది?" అని పార్లరు వాళ్ళు ఊరూరా కోర్టులకెక్కారు. చివరికి 1993లో హర్యానా నుంచి వచ్చిన లక్ష్మీ వీడియో థియేటర్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: కదిలే బొమ్మ చూపించేది ఏదైనా సినిమాటోగ్రాఫే, లైసెన్సు కావాల్సిందే. చూశారా, అక్కడ వాళ్ళ కోర్టు అడిగిన ప్రశ్న 'ఇది రికార్డరేనా?' ఇక్కడ మన కోర్టు అడిగింది 'ఇది థియేటరేనా?' ఒకే డబ్బా.

థియేటరే కాదు, మనకి అది టీవీ స్టేషను కూడా అయింది. ఎవడో తెలివైనవాడు ఒక గదిలో డెక్కు పెట్టి, మేడల మీంచి వైరు లాగి, ఇంటింటికీ నెలకింత అని వసూలు చెయ్యడం మొదలుపెట్టాడు. మన దేశంలో కేబుల్ టీవీ పుట్టింది అక్కడే, డిష్ యాంటెన్నాలు తరవాత. 1989లో గార్వేర్ కేసులో బొంబాయి హైకోర్టు అది కూడా జనానికి ప్రదర్శించడమే అంది. ఇంకో పక్క 1988లో ఇండియా టుడే వాళ్ళు 'న్యూస్‌ట్రాక్' అని నెలనెలా వార్తల క్యాసెట్టు తెచ్చారు. దూరదర్శన్ చూపించని సంగతులు వీడియో షాపులో అద్దెకు దొరికాయి. 1990లో మండల్ గొడవల్ని చాలామంది కళ్ళారా చూసింది అందులోనే. ప్రైవేటు వార్తా ఛానళ్ళకి తాత అది. మా షాపులో మాత్రం అర చివర దుమ్ము పట్టి ఉండేది, ఎవరికి కావాలి చెప్పండి, పక్కన 'జగదేకవీరుడు అతిలోకసుందరి' ఉంటే.

ఆ తరవాతది తొందరగా చెప్పేస్తా. 1995లో జెమిని వచ్చింది, ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. రోజూ ఇంట్లోనే సినిమా. తరవాత వీసీడీ వచ్చింది, తరవాత డీవీడీ. 2007లో మోసర్ బేర్ వాడు సినిమా వీసీడీని 28 రూపాయలకి అమ్మాడు, అద్దె షాపులకి అదే ఆఖరి దెబ్బ. మా వీధిలో షాపు ముందు ఎస్టీడీ బూతు అయింది, తరవాత సెల్ రీచార్జి, ఇప్పుడు అక్కడ కర్రీ పాయింటు. 2016 జులైలో జపానులో ఫునాయ్ కంపెనీ వీసీఆర్ల తయారీ ఆపేసింది. ప్రపంచంలో అప్పటికి మిగిలింది వాళ్ళొక్కరే. ఒకప్పుడు ఏడాదికి కోటిన్నర అమ్మినవాళ్ళు 2015లో ఏడున్నర లక్షలు అమ్మారట. విడిభాగాలు దొరకట్లేదు అన్నారు.

ఇప్పుడు అటక సంగతి.

ఎర్ర బటన్ మనం నొక్కలేదు అన్నాను కదా. మన తరఫున నొక్కినవాడు ఒక్కడున్నాడు: పెళ్ళి వీడియో తీసేవాడు. భుజాన ప్యానాసోనిక్ కెమెరా, వెనకాల లైటు పట్టుకుని చెమటలు కక్కే కుర్రాడు, ఆ లైటు వేడికి పంతులుగారు మంత్రాలు మర్చిపోవడం. ఎనభైల మధ్య నుంచి రెండువేల దాకా మన ఇళ్ళల్లో తాతలూ అమ్మమ్మలూ కదుల్తూ కనిపించేది దాదాపు ఆ క్యాసెట్లలోనే. అంతకుముందు ఫోటోలే, తరవాత ఫోన్లు. మధ్యలో ఆ పదిహేనేళ్ళూ అయస్కాంతపు పొడి మీద ఉన్నాయి.

హృదయాకారంలో వధూవరులు, తామరపువ్వు విచ్చుకుని అందులోంచి మామగారు రావడం... నవ్వుకుంటాం గానీ ఆ గ్రాఫిక్స్ కావు అసలు నష్టం. పాటలు. ఎడిటింగులో అసలు శబ్దం తీసేసి క్యాసెట్టు మొత్తం సినిమా పాటలు పోసేవాళ్ళు. మా ఇంట్లో 1991 నాటి పెళ్ళి క్యాసెట్టు ఉంది. అందులో మా అమ్మమ్మ తలంబ్రాల దగ్గర కెమెరా వైపు తిరిగి ఏదో అంటుంది, చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వుతారు. ఏమందో తెలీదు. వెనకాల పాట వస్తూంటుంది. ఆవిడ గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. చాలా ఏళ్ళకి ఆ వీడియో తీసినాయన దగ్గరికెళ్ళి ఎడిట్ చెయ్యని అసలు క్యాసెట్టు ఉందా అని అడిగాను. "అప్పుడు ఖాళీ క్యాసెట్టు ఎంత ఖరీదో తెలుసా సార్? దాని మీద ఇంకో నాలుగు పెళ్ళిళ్ళు తీశా" అన్నాడు. ఆయన్నేం అనగలం, నిజమే కదా.

క్యాసెట్టు వెన్ను మీద ఎడమ చివర చిన్న ప్లాస్టిక్ పలుకు ఉండేది. దాన్ని విరిచేస్తే ఇంక ఆ క్యాసెట్టు మీద రికార్డవదు, మన భాషలో రీడ్-ఓన్లీ. పెళ్ళి క్యాసెట్టు ఇంటికి రాగానే ఆ పలుకు విరిచిన ఇళ్ళు ఎన్నున్నాయో అంటారా... దాని మీద క్రికెట్ మ్యాచి ఎక్కించుకున్న ఇళ్ళు నాకు రెండు తెలుసు.

2019లో యునెస్కో, ధ్వని-దృశ్య భాండాగారాల అంతర్జాతీయ సంఘం కలిసి 'మాగ్నెటిక్ టేప్ అలర్ట్' అని ఒక హెచ్చరిక చేశాయి. టేపు బతికున్నా దాన్ని ఆడించే మిషన్లూ విడిభాగాలూ 2025 నాటికల్లా దొరక్కుండా పోతాయని దాని సారాంశం. ఆ గడువు వచ్చేసింది. ప్రసార సంస్థలకైనా ఒక గోడౌనూ ఒక బడ్జెట్టూ ఉంటాయి. మన అటకకి ఏముంది?

కాబట్టి చెయ్యదల్చుకున్నవాళ్ళకి నాలుగు ముక్కలు. ముందు క్యాసెట్టు కిటికీలోంచి టేపు అంచు చూడండి. తెల్లగా బూజు కనిపిస్తే ఎట్టి పరిస్థితిలోనూ డెక్కులో పెట్టొద్దు, ఆ బూజు హెడ్డుకి అంటి తరవాతి క్యాసెట్టుకి పోతుంది. వానాకాలంలో అసలే వద్దు. చాలా మిషన్లలో చెమ్మని కనిపెట్టే సెన్సరు ఉంటుంది, అది ఉత్తినే పెట్టింది కాదు. బాగున్న క్యాసెట్టుని ముందు పూర్తిగా ఒకసారి ముందుకీ వెనక్కీ తిప్పండి, ఏళ్ళ తరబడి అంటుకున్న పొరలు వదులుతాయి. నిలబెట్టి దాచండి, పడుకోబెట్టి కాదు. ఐదొందల రూపాయల యూఎస్‌బీ ముక్కతో కాపీ చేసినా చెయ్యకపోవడం కన్నా నయమే. ఓపికుంటే మాత్రం 'వీహెచ్ఎస్-డీకోడ్' అని ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు ఒకటుంది, చూడండి. డెక్కులోని ఎలక్ట్రానిక్స్‌ని నమ్మకుండా, హెడ్డు దగ్గర్నుంచి వచ్చే ముడి సిగ్నల్నే పట్టుకుని, మిగతా పనంతా సాఫ్ట్‌వేర్లో చేస్తుంది. మనలాంటివాళ్ళ కోసమే పుట్టినట్టుంటుంది. డెక్కు మూత విప్పి ఒక వైరు అతకాలి, అంతే.

నేను పాత సామాన్లలో దొరికిన ఒక ఫునాయ్ మీద మొదలుపెట్టాను. రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటే మార్చాను, కొత్త నోటు జోలికి పోలేదు. ఇప్పటికి మా పెదనాన్నవాళ్ళవీ పక్కింటివాళ్ళవీ కలిపి పదకొండు క్యాసెట్లు అయ్యాయి. పన్నెండోదానికి బూజుంది, అది ఎండాకాలం దాకా ఆగాలి.